రచయిత్రుల పనితనం గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం.

మీకు ఇష్టమైన రచయిత్రుల గురించి మాట్లాడండి, వాళ్ళ రచనల్లో గొప్పతనం ఏమిటో చెప్పండి అన్నారు. సరేనన్నాను. అయితే నాకు నేనే ఒక షరతు పెట్టుకుని వచ్చాను. ఏ రచయిత్రి గురించి చెప్పినా ఆమె పడ్డ కష్టాలతో మొదలుపెట్టను. వీలైతే వాటి ఊసే ఎత్తను.

కారణం ఉంది. మగ రచయిత మీద సభ పెడితే వక్తలు అతని శైలి గురించి, శిల్పం గురించి, పాత్రల్ని నడిపిన తీరు గురించి మాట్లాడతారు. రచయిత్రి మీద సభ అయితే చాలాసార్లు ఆమె జీవితచరిత్ర చెప్పి కూర్చుంటారు. చిన్నప్పుడే పెళ్ళయింది, చదువు మాన్పించారు, పిల్లలు నిద్రపోయాక వంటింట్లో కూర్చుని రాసుకుంది, ఎంత ధైర్యం! ఆ ధైర్యాన్ని నేనేమీ తక్కువ చేయడం లేదు. కానీ పిల్లలు నిద్రపోయాక రాసిన నవల బాగా లేకపోవడానికి కూడా ఆస్కారం ఉంది కదండీ. (నవ్వులు) బాగుంటే ఎందుకు బాగుంది? ఆ ప్రశ్న దగ్గరకొచ్చేసరికి "స్త్రీ హృదయాన్ని అద్భుతంగా ఆవిష్కరించారు" అనేసి శాలువా కప్పేస్తాం. స్త్రీ హృదయం ఉన్నవాళ్ళందరూ రాయలేరు. రాయడం ఒక పని. దాన్ని నేర్చుకోవాలి, కొట్టేసి మళ్ళీ రాయాలి, ఏది చెప్పాలో ఏది వదిలేయాలో తేల్చుకోవాలి. ఈ పూట ఆ పనితనం గురించే మాట్లాడతాను.

ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా ఊల్ఫ్ 1928లో కేంబ్రిడ్జిలోని అమ్మాయిల కాలేజీల్లో ప్రసంగించింది. అవే మరుసటి ఏడు 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అనే పుస్తకమయ్యాయి. రాయాలనుకునే స్త్రీకి సొంత గది ఉండాలి, ఏడాదికి 500 పౌండ్లు ఉండాలి అన్న మాట అందరికీ తెలిసిందే. అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది. యుద్ధం గురించి రాసింది కాబట్టి ఇది ముఖ్యమైన పుస్తకం, ముందుగదిలో కూర్చున్న ఆడవాళ్ళ మనసుల గురించి రాసింది కాబట్టి ఇది అల్పమైన పుస్తకం, ఇదీ విమర్శకుల లెక్క అంటుందామె. ఇప్పుడు కాలం మారింది, ముందుగది కూడా ముఖ్యమేనని ఒప్పుకుంటున్నారు. సంతోషం. కానీ అప్పుడూ ఇప్పుడూ మనం చూస్తున్నది వస్తువునే. ఎలా రాసింది అన్నది ఇంకా పక్కనే ఉండిపోయింది.

ముందుగది అనగానే నాకు జేన్ ఆస్టిన్ గుర్తొస్తుంది. మొదటి నవల 1811లో వచ్చినప్పుడు పుస్తకం మీద ఆమె పేరు లేదు. ఎవరో ఒక స్త్రీ రాసిందని మాత్రమే వేశారు. పెళ్ళిళ్ళ నవలలు రాసిన ఆవిడగా చాలామంది ఆమెను లెక్కేస్తారు. ఆ లెక్క ఎంత తప్పో చెప్పడానికి 'ఎమ్మా' ఒక్కటి చాలు. 1815 డిసెంబరులో వచ్చిన నవల ఇది. కథగా చెబితే ఏమీ ఉండదు. ఒక చిన్న ఊళ్ళో డబ్బు, అందం, తెలివి అన్నీ ఉన్న అమ్మాయి. ఎవరి మనసులో ఎవరున్నారో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం. జంటలు కలపడానికి పూనుకుంటుంది. ప్రతిసారీ లెక్క తప్పుతుంది.

దాదాపు నవలంతా మనం ఎమ్మా కళ్ళతోనే చూస్తాం. అయితే ఆస్టిన్ ప్రతిచోటా "అని ఎమ్మా అనుకుంది" అని రాయదు. కథ చెబుతున్న గొంతు నడుస్తూ నడుస్తూ ఉండగానే అందులోకి ఎమ్మా గొంతు వచ్చి కలుస్తుంది. ఎక్కడ కలిసిందో పట్టుకోలేం. ఫలానా పెద్దమనిషి ఫలానా అమ్మాయిని ఇష్టపడుతున్నాడు, అందులో అనుమానమే లేదు అన్న ధోరణిలో వాక్యం సాగుతుంది. రచయిత్రే చెబుతోంది కదా అని మనం నమ్మేస్తాం. అది రచయిత్రి మాట కాదు, ఎమ్మా భ్రమ. ఆమె బోల్తా పడ్డప్పుడు మనమూ ఆమె పక్కనే పడతాం. పడ్డాక వెనక్కి వెళ్ళి చూసుకుంటే ఆస్టిన్ ఒక్క అబద్ధం కూడా ఆడలేదని తెలుస్తుంది. మనమే సరిగ్గా చదవలేదు.

ఇంతకంటే పెద్ద గడుసుతనం ఇంకోటి ఉంది. ఆ నవల్లో మిస్ బేట్స్ అని ఒకావిడ ఉంటుంది. పెళ్ళి కాలేదు, వయసు మళ్ళుతోంది, ముసలి తల్లితో ఇరుకు ఇంట్లో ఉంటుంది, చేతిలో డబ్బు లేదు. నోరు తెరిస్తే ఆపదు. పేజీలకు పేజీలు ఒకే ఊపిరిలో మాట్లాడుతుంది. ఎమ్మాకు ఆమె అంటే విసుగు. మనకూ విసుగే, ఆ పేజీలు గబగబా తిప్పేస్తాం. కథలో ఒక రహస్య నిశ్చితార్థం ఉంది, చివర్లో బయటపడుతుంది. రెండోసారి చదివినప్పుడు తెలుస్తుంది, ఆ రహస్యానికి సంబంధించిన ఆనవాళ్ళు మిస్ బేట్స్ వాగుడులోనే దొర్లుతూ వచ్చాయని. ఎవరూ చెవిపెట్టని మనిషి నోట్లో నిజాన్ని పెట్టి, పాఠకుడు కూడా ఆమెను పట్టించుకోకుండా దాటిపోయేలా చేసింది ఆస్టిన్. డబ్బులేని ఆడమనిషి మాటకు విలువ ఉండదు అని ఎక్కడా ఉపన్యాసం ఇవ్వలేదు. మన చేతనే ఆ తప్పు చేయించింది.

అందరూ కలిసి బాక్స్ హిల్ అనే కొండకు విహారానికి వెళ్ళిన సన్నివేశం ఉంది. కాలక్షేపానికి ఒక ఆట మొదలవుతుంది. ఒక్కొక్కరూ చాలా తెలివైన మాట ఒకటి చెప్పాలి, లేదా కాస్త తెలివైనవి రెండు, అదీ కాకపోతే బొత్తిగా పసలేనివి మూడు. మిస్ బేట్స్ నవ్వుతూ, అయితే నాకు ఇబ్బందే లేదు, నోరు తెరిస్తే మూడు పసలేని మాటలు వచ్చేస్తాయి అంటుంది. ఎమ్మా ఊరుకోలేక, ఒక చిక్కుందండీ, ఒకేసారి మూడే చెప్పాలి కదా అంటుంది. అంతే. మిస్ బేట్స్‌కు అర్థం కావడానికి ఒక క్షణం పడుతుంది. అర్థమయ్యాక కోప్పడదు. ముఖం కొంచెం ఎర్రబడుతుంది, నా ధోరణి అంత విసుగ్గా ఉంటుందేమో, లేకపోతే పాత స్నేహితురాలితో అలా అనదుగా అని పక్కవాళ్ళతో అంటుంది. ఆ సన్నివేశంలో ఎవరూ చావరు, ఎవరూ ఎవర్నీ కొట్టరు. అయినా ఆ చోట పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చోవాలనిపిస్తుంది.

వాల్టర్ స్కాట్ అప్పట్లో చాలా పెద్ద నవలాకారుడు. 1826లో తన డైరీలో రాసుకున్నాడు: పెద్దపెద్ద ఆర్భాటాలు నేనూ చేయగలను, మామూలు విషయాలను, మామూలు మనుషులను ఆసక్తిగా మలిచే ఆ సున్నితమైన చేయి మాత్రం నాకు లేదు అని. సాటి పనివాడు పని చూసి ఒప్పుకున్న మాట అది. అందుకే నాకు నచ్చింది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి చిన్న పక్కమాట. బ్రాంటీ అక్కచెల్లెళ్ళు ముగ్గురూ 1846లో కవితల పుస్తకం వేసినప్పుడు కరర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అని ఆడో మగో తేలని పేర్లు పెట్టుకున్నారు. ఆ పుస్తకం మొదట అమ్ముడుపోయింది రెండు ప్రతులు. మరుసటి ఏడే 'జేన్ ఎయిర్', 'వుదరింగ్ హైట్స్' వచ్చాయి. మేరీ ఆన్ ఇవాన్స్ మగపేరే పెట్టుకుని జార్జ్ ఇలియట్ అయింది. ఇది ఇంగ్లీషు కథ. మన తెలుగులో దీనికి సరిగ్గా తలకిందుల కథ జరిగింది. యద్దనపూడి సులోచనారాణి లాంటి నవలాకారిణులు వారపత్రికల సీరియళ్ళను ఏలిన రోజుల్లో మగ రచయితలు కొందరు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. (నవ్వులు) ఆ నవలలను అప్పటి విమర్శకులు చాలామంది కాలక్షేపం సరుకని తోసేశారు. వారం వారం పాఠకుల్ని ఎదురుచూసేలా చేయడం ఎలాంటి పనితనమో ఎవరూ విడమరిచి చెప్పలేదు. అలాగే బండారు అచ్చమాంబ. ఆమె 'ధన త్రయోదశి' 1902లో వచ్చింది, గురజాడ 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్ళ ముందు. తొలి తెలుగు కథ ఏది అని ఆమె పేరు చెప్పి ఎన్నో వాదోపవాదాలు నడిచాయి. అంత వాదన నడిచాక కూడా ఆమె కథ ఎలా చెప్పింది అన్న దాని మీద జరిగిన చర్చ చాలా తక్కువ.

సరే, మళ్ళీ పనిలోకి వద్దాం. చావును ఎలా రాయాలి? రచయితలందరికీ వచ్చే చిక్కే. ఊల్ఫ్ 'టు ద లైట్‌హౌస్' 1927లో వచ్చింది. మూడు భాగాలు. మొదటి భాగం పుస్తకంలో సగం పైనే ఉంటుంది, అందులో జరిగేది ఒక్క రోజు, అదీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. ఇంటి నిండా మనుషులు, మధ్యలో మిసెస్ రామ్సే. ఎనిమిది మంది పిల్లల తల్లి. నవలంతా ఆమె చుట్టూ తిరుగుతోంది అనుకుంటాం. రెండో భాగం చాలా చిన్నది. అందులో పదేళ్ళు గడిచిపోతాయి. ఖాళీ ఇల్లు, దుమ్ము, చెమ్మ, గాలి. ఆ వర్ణన మధ్యలో బ్రాకెట్లు పెట్టి ఒక వాక్యం. మిస్టర్ రామ్సే చీకటి ఉదయాన తడబడుతూ చేతులు చాచాడు, ముందు రాత్రి మిసెస్ రామ్సే హఠాత్తుగా చనిపోయింది కాబట్టి ఆ చేతులు ఖాళీగా ఉండిపోయాయి. అంతే. నవలకు గుండెకాయ లాంటి మనిషి చావు బ్రాకెట్లలో, అదీ వాక్యంలో ఒక మూలన. కూతురి చావు, యుద్ధంలో కొడుకు చావు, అవీ బ్రాకెట్లలోనే. మొదటిసారి చదివేవాళ్ళు చాలామంది కంగారుగా పేజీ వెనక్కి తిప్పుతారు, నేనేమైనా దాటేశానా అని. కాలానికి మనుషులు లెక్కలేదు అని చెప్పడానికి ఒక పేజీ తాత్వికత రాయొచ్చు. ఊల్ఫ్ విరామచిహ్నాలతో సరిపెట్టింది.

ఊల్ఫ్ రాసిందంతా నాకు ఇష్టమేమీ కాదు. 1931 నాటి 'ద వేవ్స్' అందమైన పుస్తకమే, నాకు మాత్రం ఆయాసం వస్తుంది.

'టు ద లైట్‌హౌస్'కు దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ వెనక జపాన్ రాచకొలువులో ఉన్న మురసాకి షికిబు చావు విషయంలో ఇలాంటి పనే చేసింది. ఆమె 'గెంజి కథ'లో 54 అధ్యాయాలు. అందగాడు, అందరి మనసులూ దోచినవాడు గెంజి కథానాయకుడు. ఒక అధ్యాయం చివర అతను బతికే ఉంటాడు, లోకం వదిలి వెళ్ళే ఏర్పాట్లలో ఉంటాడు. తర్వాతి అధ్యాయం మొదలయ్యేసరికి అతను పోయి ఏళ్ళవుతుంది. ఈ రెంటికీ మధ్య పేరు మాత్రమే ఉండి పాఠం లేని ఒక అధ్యాయాన్ని సంప్రదాయం చెబుతుంది. ఆ ఖాళీ పేరు పెట్టింది ఆమేనా, తర్వాతివాళ్ళా అన్నది పండితుల తగువు. చావును చూపించకుండా వదిలేయడం మాత్రం ఆమె నిర్ణయమే. ఇంకా వింత ఏమిటంటే, నాయకుడు పోయాక కూడా కథ ఆగదు. తర్వాతి తరంతో ఇంకో పదమూడు అధ్యాయాలు నడుస్తుంది. ఎంత ధీమా ఉండాలి!

చెప్పకుండా చెప్పడం అనే విద్యకు కోర్టు సర్టిఫికెట్ సంపాదించిన రచయిత్రి కూడా ఉంది. ఇస్మత్ చుగ్తాయ్. 1942లో ఆమె ఉర్దూలో 'లిహాఫ్' కథ రాసింది. భర్త పట్టించుకోని ఒక బేగం, ఆమె దగ్గర పనిచేసే ఆడమనిషి, వాళ్ళ మధ్య సంబంధం. అశ్లీలమని లాహోర్ కోర్టులో కేసు వేశారు. విచారణ జరిగింది, కథలో ఇదిగో ఈ మాట బూతు అని గట్టిగా చూపించలేకపోయారు, కేసు నిలవలేదు. ఎందుకు చూపించలేకపోయారు? కథ చెబుతున్నది చిన్నపిల్ల కాబట్టి. రాత్రి దుప్పటి కదిలి గోడ మీద ఏనుగు ఊగుతున్నట్టు నీడ పడటం చూసి ఆ పిల్ల భయపడుతుంది. ఆమెకు అంతకు మించి తెలియదు. తెలిసింది పాఠకుడికి. అంటే బూతు ఎక్కడైనా ఉంటే చదివినవాడి బుర్రలోనే ఉంది, కాగితం మీద లేదు. లాయర్లకు అక్కరకొచ్చింది చివరికి ఆమె శిల్పమే.

ఇప్పుడు మనింటి రచయిత్రి. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' మీలో చాలామంది చదివే ఉంటారు. చదువూ చురుకూ ఉన్న ఒకమ్మాయి పెళ్ళై, ఇల్లు అద్దంలా ఉంచుకోవడంలో మునిగిపోయి, ఒకరోజు హఠాత్తుగా తన పేరు మర్చిపోయానని తెలుసుకుంటుంది. పనిమనిషిని అడుగుతుంది. ఆమెకు అమ్మగారు అని తెలుసు. పిల్లలకు అమ్మ అని తెలుసు. భర్తకు ఆ ప్రశ్నే విడ్డూరం. సర్టిఫికెట్ల కోసం పుట్టింటికి వెళుతుంది. దారిలో పాత స్నేహితురాలు చూసి "శారదా!" అని పిలుస్తుంది. పేరుతో పాటు ఒకప్పుడు ఈమె ఏమేం చేయగలిగేదో కూడా గుర్తుచేస్తుంది.

ఈ కథను మామూలు వాస్తవిక ధోరణిలో రాసి ఉంటే రెండో పేరాలోనే పడిపోయేది. సొంత పేరు ఎవరైనా మర్చిపోతారా, డాక్టరుకు చూపించాలి అనేవాళ్ళం. సత్యవతి గారు ఏం చేశారంటే, మనందరం చిన్నప్పుడు విన్న ఈగ కథను తెచ్చి కింద పరిచారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఈగ, కనబడ్డవాళ్ళందరినీ నా పేరేమిటని అడుగుతూ పోతుంది. చివరికి గుర్రం కడుపులో పిల్ల సకిలించి చెబుతుంది. ఆ కథ వింటూ ఈగ పేరెలా మర్చిపోయింది అని ఏ పిల్లాడూ అడగలేదు. జానపద కథ గొంతు వినగానే మన అనుమానాలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఆ సందులోంచి ఆవిడ కథను లోపలికి పంపించేశారు. ఇంకోటి గమనించండి. చిన్నప్పుడు ఆ ఈగను చూసి నవ్వాం. ఆ ఈగ ఎందుకు ఇల్లు అలుకుతోంది, ఎవరి కోసం అలుకుతోంది అని అడగలేదు. సత్యవతి గారు అడిగారు. కొన్ని తరాలుగా పిల్లలకు చెబుతున్న కథలోనే ఈ కథ దాక్కుని ఉందని కనిపెట్టడం, అదీ గొప్పతనం. కథంతా సరదాగానే నడుస్తుంది, ఒక్క చోటా ఏడుపు లేదు.

అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్సాయ్ బ్రతుకు' కూడా ఇదే బాటలో వచ్చిన పేరున్న కథ. ఊరి నుంచి వచ్చిన అక్క, చెల్లెలు కుండీల్లో ముచ్చటగా పెంచుకుంటున్న బోన్సాయ్ మొక్కల్ని చూసి ఆడవాళ్ళ బతుకూ ఇంతే అంటుంది. పాఠాల్లో, ఉపన్యాసాల్లో ఆ పోలికనే పట్టుకుంటారు. నన్నడిగితే ఆ కథలో బలం పోలికలో లేదు, అది ఎవరి నోట్లో పెట్టారన్న దాంట్లో ఉంది. చదువుకుని ఉద్యోగం చేస్తున్న చెల్లెలికి కనబడనిది, పెద్ద చదువు లేని అక్కకు కనబడింది. ఆ మొక్కల్ని పెంచిన గర్వం చెల్లెలిది, కథ చెబుతున్నదీ ఆమే. తన గర్వం కరిగిపోవడం తనే చెప్పుకోవాలి. ఛాయాదేవి గారి గొంతు ఎప్పుడూ పెరగదు, అందుకే ఆ మాట అంతలా తగులుతుంది.

అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ దగ్గర కాసేపు ఆగాలి. 'బిలవెడ్' 1987లో వచ్చింది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే నల్లజాతి బానిస స్త్రీ కెంటకీ నుంచి ఒహైయో పారిపోయి, పట్టుకోవడానికి వచ్చినప్పుడు పిల్లల్ని మళ్ళీ బానిసత్వంలోకి పంపలేక కూతుర్ని తన చేతులతో చంపుకుంది. జరిగిన సంగతి ఇది. మారిసన్ ప్రచురణ సంస్థలో ఎడిటరుగా ఉన్నప్పుడు ఈ వార్త చదివింది. ఇలాంటి విషయం చేతికి దొరికితే రచయితకు పెద్ద ప్రమాదం. ఏడిపించడం ఎంత తేలికో చూడండి. తల్లి మనసులోకి వెళ్ళి నాలుగు పేజీలు రాస్తే చాలు, పాఠకుడు కరిగిపోతాడు. కరిగిపోయి, కళ్ళు తుడుచుకుని, తన పనిలో తను పడతాడు.

మారిసన్ ఆ దారి పట్టలేదు. నవల సగం దాకా ఆ ఘటన పూర్తిగా బయటపడదు. బయటపడ్డప్పుడు కూడా మొదట ఎవరి కళ్ళతో చూస్తాం? పట్టుకోవడానికి వచ్చిన తెల్లవాళ్ళ కళ్ళతో. గుర్రాల మీద నలుగురు వస్తారు, కొట్టంలోకి చూస్తారు, తమ ఆస్తి పాడైపోయిందని లెక్కేసుకుంటారు. ఆ తల్లి పేరు కూడా వాళ్ళ తలలో మెదలదు. చదువుతున్న మనం ఆ తలల్లో ఇరుక్కుని ఉంటాం, బయటికి రాలేం. తర్వాత అదే ఘటన ఒక పేపరు కత్తిరింపుగా వస్తుంది. ఆమెను ప్రేమించిన మనిషికి దాన్ని చూపిస్తారు. అతనికి చదవడం రాదు. బొమ్మ చూసి, ఈ నోరు ఆమెది కాదు అంటాడు. మూడోసారి ఆ తల్లి సెతీ తనే చెప్పబోతుంది. గదిలో గుండ్రంగా తిరుగుతూ మాట్లాడుతుంది, విషయం చుట్టూ కూడా అలాగే తిరుగుతుంది. నేరుగా దాని దగ్గరకు ఎప్పటికీ రాలేనని ఆమెకే తెలుసు. వేటగాళ్ళ చూపు, పేపరు రాత, తిరుగుతున్న తల్లి మాట. మూడింటిలో ఏదీ ఆ ఘటనను పూర్తిగా పట్టుకోలేదు. ఆమె చేసింది తప్పా ఒప్పా అన్న తీర్పు నవల మనకు ఇవ్వదు, మనల్ని ఇవ్వనివ్వదు. 1993లో ఆమెకు నోబెల్ వచ్చింది. నల్లజాతి స్త్రీకి తొలి సాహిత్య నోబెల్ అని అందరూ రాశారు. కరెక్టే. కానీ ఆ మూడు కథనాల అమరిక గురించి కూడా రాయాలి కదా.

బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి 'ద్రౌపది' కథ కూడా ఇలాగే శత్రువు భాషతో మొదలవుతుంది. పేరు దోప్ది మెఝెన్, వయసు 27, భర్త మృతుడు, ఆచూకీ చెప్పినవారికి 100 రూపాయల బహుమతి. పోలీసు ఫైలు. చివర్లో ఆ ఫైల్లోని మనిషి, తన మీద జరిగిన అత్యాచారం తర్వాత, బట్ట కప్పుకోవడానికి ఒప్పుకోకుండా సేనానాయకుడి ఎదుట నిలబడుతుంది. భయపడేది అతను. ఫైలు భాషకు అందని మనిషి ఎదురుగా వచ్చి నిలబడటమే ఆ కథ.

పనితనం అంటే ఎప్పుడూ సొంతంగా కల్పించడమే కానక్కర్లేదు. బెలారుస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సియేవిచ్ రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ సైన్యంలో పోరాడిన స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి వాళ్ళు చెప్పింది రికార్డు చేసుకుంది. 1985లో ఆ పుస్తకం వచ్చింది. 2015లో నోబెల్ వచ్చినప్పుడు ఇది జర్నలిజమే కదా, సాహిత్యమెలా అవుతుంది అన్నవాళ్ళు ఉన్నారు. ఆ పుస్తకంలో ఒకావిడ అంటుంది, యుద్ధంలో అన్నిటికంటే భయంకరమైనది చావు అంటాననుకుంటున్నారు కదా, నాకు మాత్రం మగవాళ్ళ లోదుస్తులు వేసుకుని తిరగడం అని. ఈ మాట ఎవరు పడితే వాళ్ళు అడిగితే రాదు. గంటల తరబడి కూర్చోవాలి, ముందుగా వచ్చే దేశభక్తి మాటలన్నీ అయిపోయేదాకా ఓపిక పట్టాలి. వచ్చాక అది విలువైన మాట అని గుర్తుపట్టాలి. తర్వాతి ముద్రణలో ఆమె ఒక పని చేసింది. సెన్సారు తీసేసిన భాగాలతో పాటు, అప్పట్లో తనే భయపడి, వద్దనుకుని తీసేసిన భాగాలను కూడా విడిగా వేసింది. ఏం వదిలేశానో చూడండి అని పాఠకుడి ముందు పెట్టింది.

ఇంతవరకూ చెప్పకుండా చెప్పడం, దాచిపెట్టడం, గొంతు పెంచకపోవడం అంటూ వచ్చాను. అదొక్కటే శిల్పమని నేను అన్నట్టు అనిపిస్తే సరిచేసుకోవాలి, ఎందుకంటే నాకు రంగనాయకమ్మ గారు కూడా ఇష్టం. (చప్పట్లు, నవ్వులు) ఆవిడ ఏదీ దాచరు. 'జానకి విముక్తి' అయినా, 'రామాయణ విషవృక్షం' అయినా, ఏమనుకుంటున్నారో ముఖం మీదే చెబుతారు. వాక్యం చివర ఆశ్చర్యార్థకం, దాని పక్కన ఇంకోటి. ఆవిడ అభిప్రాయాలతో మీకు ఎంత పేచీ అయినా ఉండొచ్చు. పుస్తకం మాత్రం మధ్యలో ఆపలేరు. ఎందుకంటే ఎదుటివాడి వాదన ఆవిడకు ముందే వినబడుతుంది. మీరు అబ్బే, అలా కాదండీ అనబోయేలోపే మీ మాట మీకంటే బాగా ఆవిడే చెప్పి, దానికి జవాబు మొదలుపెడతారు. మార్క్స్ 'కాపిటల్' లాంటి దాన్ని కూడా మనతో పోట్లాడుతున్నంత మామూలు తెలుగులో పరిచయం చేశారు. అలాంటి వచనం రాయడం తేలిక అనుకునేవాళ్ళు ఒక్క పేజీ ప్రయత్నించి చూడండి.

ఆశ్చర్యార్థకాలు ఎక్కువయ్యాయి, తగ్గిస్తే బాగుండేది అనేవాళ్ళకు అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ సంగతి చెబుతాను. దాదాపు 1,800 కవితలు రాసింది, బతికుండగా అచ్చయినవి పదో పన్నెండో. 1886లో ఆమె పోయాక, 1890లో తొలి సంపుటం వేసినప్పుడు సంపాదకులు ఆమె పెట్టిన అడ్డగీతలు చాలావరకు తీసేసి, ప్రాసలు సరిదిద్ది, మర్యాదగా తయారుచేశారు. ఆమె రాసినవి రాసినట్టు మొత్తంగా అచ్చులో చూడటానికి 1955 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ గీతలే ఆమె ఊపిరి తీసుకునే చోట్లని ఇవాళ అందరూ ఒప్పుకుంటున్నారు. కాబట్టి రచయిత్రి కామా పెట్టిన చోట కామా ఉండనివ్వండి.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు అని బయట కొందరు అడిగారు. 'ఇల్లలకగానే' నాలుగైదు పేజీలే, ఈ రాత్రే చదవొచ్చు. 'ఎమ్మా' చదివితే రెండుసార్లు చదవండి, రెండోసారి మిస్ బేట్స్ మాటలు ఒక్కటీ వదలకండి. 'బిలవెడ్' మొదటి నలభై యాభై పేజీలు అయోమయంగా ఉంటుంది, అది మీ లోపం కాదు, ఆవిడ కావాలనే అలా రాసింది, ఆపకుండా వెళ్ళండి. నేను చెప్పనివాళ్ళు చాలామంది ఉన్నారు. మీ జాబితాలో ఎవరున్నారో చెప్పండి, ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ వెనక వరుసకు ఇవ్వండి, వాళ్ళు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు.